విడిభాగాలతో మొదటి క్వాడ్‌కాప్టర్: బల్ల మీద నుంచి చెల్క దాకా

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్, మంచిర్యాల వైపు నుంచి డిప్లొమా, ఇంజనీరింగ్ విద్యార్థులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "భాగాలన్నీ వచ్చాయి, ఇప్పుడు ఏది ముందు, ఏది తర్వాత?" విడిభాగాలతో క్వాడ్‌కాప్టర్ (నాలుగు మోటార్ల డ్రోన్) కట్టే ఆ వరుస గురించే ఈ వ్యాసం. మొదటిసారి కట్టేవారి బోర్డులు కాలడానికి, చేతులకు గాయాలు కావడానికి తెలివితక్కువతనం కారణం కాదు. ఒక పరీక్ష పూర్తి కాకముందే తర్వాతి పనికి పోవడమే కారణం.

అందుకని రెండు నియమాలు చదివేటప్పుడు కూడా మనసులో ఉంచుకోండి. ఒక దశలోని పరీక్ష నెగ్గితేనే తర్వాతి దశకు వెళ్ళాలి. ప్రొపెల్లర్లు మైదానానికి చేరేదాకా వాటి సంచిలోనే ఉండాలి.

## 1. ఏ కొలత కట్టాలి?

మొదటి యంత్రానికి 5 అంగుళాల ప్రొపెల్లర్లు పట్టే ఎక్స్ ఆకారపు కార్బన్ ఫైబర్ ఫ్రేమ్‌ను, 4 సెల్స్ బ్యాటరీని, బీటాఫ్లైట్ అనే సాఫ్ట్‌వేర్ నడిచే ఫ్లైట్ కంట్రోలర్‌ను (యంత్రాన్ని అదుపు చేసే బోర్డును) సూచిస్తున్నాను. కెమెరా, వీడియో పరికరాలు మొదట్లో వద్దు. కంటితో చూస్తూ ఎగరవేయడం వచ్చాక వాటిని ఇదే ఫ్రేమ్‌కు అమర్చుకోవచ్చు.

చాలా కళాశాలల్లో 450 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఫ్రేమ్‌తో మొదలుపెట్టిస్తారు. అది తప్పేమీ కాదు. అయితే బీటాఫ్లైట్‌లో ముందే ఉండే సెట్టింగులు 5 అంగుళాల యంత్రానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి, ట్యూనింగ్ జోలికి పోకుండానే అది నిలకడగా ఎగురుతుంది. పైగా కార్బన్ ఫ్రేమ్ చేతులు (మోటార్లు కూర్చునే కడ్డీలు) గట్టివి, విరిగినా ఒక్కటే మార్చుకోవచ్చు.

దీనికి ఒక ఇబ్బంది ఉంది: ఇది చాలా బలమైన యంత్రం, తన బరువుకు అయిదారు రెట్లకు మించి ఎత్తగలదు. ఆ బలాన్ని సాఫ్ట్‌వేర్‌లో ఎలా తగ్గించాలో 7వ దశలో చెబుతాను.

## 2. కొనవలసినవి

- ఫ్రేమ్: 5 అంగుళాలది, చేతుల మందం 5 మి.మీ. ఉన్నది.
- మోటార్లు: 2207 కొలత, 4 సెల్స్ బ్యాటరీకి 2400–2500 కేవీ, నాలుగు. 2207లో మొదటి రెండంకెలు స్టేటర్ (మోటారులో తిరగని లోపలి భాగం) వ్యాసాన్ని, చివరి రెండంకెలు దాని ఎత్తును మిల్లీమీటర్లలో చెబుతాయి. కేవీ అంటే భారం లేనప్పుడు ఒక వోల్టుకు మోటారు నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్య.
- ఈఎస్‌సీ (మోటార్ల వేగాన్ని నియంత్రించే పరికరం): నాలుగు మోటార్లకూ కలిపి ఒకే బోర్డుగా వచ్చేది, 45 ఆంపియర్లది.
- ఫ్లైట్ కంట్రోలర్: ఎఫ్405 లేదా ఎఫ్722 చిప్ ఉన్నది. ఈఎస్‌సీతో కలిపి ఒకే జతగా అమ్మేది తీసుకుంటే తీగల గొడవ తగ్గుతుంది.
- రిసీవర్, ట్రాన్స్‌మిటర్: రెండూ 2.4 గిగాహెర్ట్జ్ ఎక్స్‌ప్రెస్ ఎల్‌ఆర్‌ఎస్ అనే రేడియో పద్ధతివి. రిసీవర్ యంత్రం మీద, ట్రాన్స్‌మిటర్ మీ చేతిలో ఉంటాయి.
- ప్రొపెల్లర్లు: 5 అంగుళాల మూడు రెక్కలవి, కనీసం నాలుగు జతలు అదనంగా.
- బ్యాటరీ: 4 సెల్స్, 1500 ఎంఏహెచ్, ఎక్స్‌టి60 కనెక్టరుతో.
- ఛార్జర్: ఒక్కో సెల్‌ను విడిగా చూసుకునే బ్యాలెన్స్ ఛార్జర్.
- కెపాసిటర్: 35 వోల్టులు, 1000 మైక్రోఫారడ్లు, లో ఈఎస్‌ఆర్ (లోపలి నిరోధం తక్కువ) రకం.

మోటార్ల దగ్గర కేవీని, బ్యాటరీ సెల్స్ సంఖ్యను కలిపి చూడండి. 1700–1950 కేవీ మోటార్లు 6 సెల్స్ కోసం చేసినవి. వాటిని 4 సెల్స్‌తో నడిపితే నీరసంగా తిరుగుతాయి. 2400 కేవీ పైబడినవాటిని 6 సెల్స్‌కు కలిపితే మోటార్లు, ఈఎస్‌సీ కాలే ప్రమాదం ఉంది.

డబ్బు సరిపోనప్పుడు ఫ్రేమ్ దగ్గర తగ్గించుకోండి. ఛార్జర్, ట్రాన్స్‌మిటర్ దగ్గర తగ్గించవద్దు, ఎందుకంటే ఈ యంత్రం పోయినా ఆ రెండూ మీతోనే ఉంటాయి.

విదేశీ దుకాణాల నుంచి పూర్తి కిట్టు తెప్పించాలనుకునేవారు ఒక సంగతి గమనించాలి. 2022 ఫిబ్రవరి 9 నుంచి తయారైన డ్రోన్ల దిగుమతిపైనా, విప్పిన కిట్ల రూపంలో వచ్చేవాటిపైనా కేంద్రం నిషేధం పెట్టింది. విడిభాగాలకు ఆ నిషేధం లేదు. మన దేశంలోని దుకాణాల నుంచి భాగాలుగా కొనడమే సుఖం. టంకానికి కావలసిన సామాను, సిలికాన్ తీగలు, మల్టీమీటరు వంటివి హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో చేత్తో చూసి కొనుక్కోవచ్చు.

## 3. బల్ల, పనిముట్లు

- 60 వాట్ల, వేడి సర్దుబాటు చేసుకునే సోల్డరింగ్ ఐరన్, వెడల్పు మొన ఉన్నది
- 63/37 (63 శాతం తగరం, 37 శాతం సీసం) టంకపు తీగ, టంకం బాగా పట్టేందుకు రాసే రోజిన్ ఫ్లక్స్
- రెండు కొనల మధ్య కరెంటు దారి ఉంటే బీప్ శబ్దం చేసే మల్టీమీటరు
- 1.5, 2, 2.5 మి.మీ. అలెన్ కీలు, ప్రొపెల్లర్ నట్టుకు 8 మి.మీ. పానా
- నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మరలు వదులు కాకుండా పట్టే జిగురు), ఇన్సులేషన్ టేపు, జిప్ టైలు
- డేటా పంపగల యూఎస్‌బీ కేబుల్

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఛార్జింగ్ మాత్రమే చేసే కేబుల్ పెట్టి, కంప్యూటర్ బోర్డును గుర్తించడం లేదని బోర్డునే వాపసు పంపేవారు ఉన్నారు.

టంకం వేసేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపండి. గాలికి అతుకు పైపైన గట్టిపడి, లోపల పట్టు లేకుండా మిగిలిపోతుంది. మన ఎండాకాలంలో ఫ్యాన్ లేకుండా కూర్చోవడం కష్టం కాబట్టి ఈ పనిని తెల్లవారుజామున పెట్టుకోండి. కిటికీ తెరిచి ఉంచండి, పొగ మీద వంగకండి, కళ్ళకు అద్దాలు పెట్టుకోండి.

## 4. ఫ్రేమ్, మోటార్లు

ఫ్రేమ్ బిగింపు గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. దానితో వచ్చిన బొమ్మ చూసి చేయవచ్చు. ఆగి చూడవలసింది మోటారు మరల దగ్గర.

చేతి మందం 5 మి.మీ. అయితే 8 మి.మీ. మర సరిపోతుంది. అంతకంటే పొడుగు మర లోపలికి పోయి రాగి చుట్టలను గీకుతుంది. బయటికి ఏమీ కనిపించదు, మోటారు చేత్తో తిప్పితే తిరుగుతుంది, కానీ కరెంటు ఇచ్చిన క్షణంలో ఈఎస్‌సీ కాలిపోతుంది. బిగించాక మోటారు అడుగు నుంచి చూసి, మర కొనకూ రాగికీ మధ్య ఖాళీ ఉందని నిర్ధారించుకోండి. మరలకు థ్రెడ్‌లాకర్ ఒక్క చుక్క చాలు. ప్లాస్టిక్ భాగాలకు తగలనివ్వకండి, అది ప్లాస్టిక్‌ను పగులగొడుతుంది.

తర్వాత మల్టీమీటరును బీప్ మీద పెట్టి, ఒక కొనను మోటారు తీగకు, మరొక కొనను మోటారు మరకు ఆనించండి. శబ్దం రాకూడదు. మూడు తీగలను ఒకదానితో ఒకటి పరీక్షిస్తే మాత్రం బీప్ వస్తుంది, అది సహజం.

కార్బన్ ఫైబర్ విద్యుత్తును ప్రసరింపజేస్తుందన్న సంగతి కొత్తవారు మరిచిపోతారు. అది ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది, లోహంలా ప్రవర్తిస్తుంది. ఏ బోర్డూ, ఏ తెరిచిన అతుకూ ఫ్రేమ్‌కు తగలకూడదు.

## 5. టంకం

మీ బోర్డు మీద మొదటి అతుకు వేయకండి. పాడైపోయిన మొబైల్ ఛార్జర్ బోర్డు మీదో, చిల్లర తీగల మీదో ఒక పూటంతా సాధన చేయండి. అతుకు మెరుస్తూ, నున్నగా, తీగ చుట్టూ వాలుగా దిగితే మంచిది. మసకగా, గుండ్రటి బొట్టులా పైకి నిలిస్తే అది చల్లటి అతుకు, గాలిలో ఊడిపోతుంది.

పని ఇలా సాగాలి:

1. బోర్డు మీది ప్యాడ్‌కు ఫ్లక్స్ రాసి, ఐరన్ ఆనించి, కొద్దిగా టంకం కరిగించి పూత వేయండి.
2. తీగ కొనను 2–3 మి.మీ. ఒలిచి, మెలిపెట్టి, దానికీ పూత వేయండి.
3. రెండింటినీ ఆనించి, పైన ఐరన్ పెట్టి, రెండు పూతలు కలిసేదాకా ఆగండి.
4. ఐరన్ తీశాక తీగను కదపకుండా మూడు సెకన్లు పట్టుకోండి.

మోటారు తీగలకు 350 డిగ్రీల దగ్గర, బ్యాటరీ తీగలకు 400 డిగ్రీల దగ్గర మొన వేడి ఉంచండి. 63/37 టంకం 183 డిగ్రీలకే కరుగుతుంది. కానీ పెద్ద రాగి ప్యాడ్ వేడినంతా లాగేసుకుంటుంది. వేడి తక్కువ పెట్టి ఎక్కువసేపు ఆనించడం కంటే, తగిన వేడితో రెండు మూడు సెకన్లలో పూర్తి చేయడమే బోర్డుకు క్షేమం.

మోటారు మూడు తీగలను మూడు ప్యాడ్లకు ఏ వరుసలోనైనా అతకవచ్చు. తిరిగే దిశను తర్వాత సాఫ్ట్‌వేర్‌లో మార్చుకోవచ్చు. తీగను బిగుతుగా లాగకుండా కొంచెం వదులు ఉంచి, చేతి పొడవునా టేపు చుట్టండి.

ఎక్స్‌టి60 కనెక్టరుకు తీగ అతికేటప్పుడు దానికి జతగా ఉండే రెండో కనెక్టరును దూర్చి ఉంచండి. లేకపోతే వేడికి ప్లాస్టిక్ మెత్తబడి పిన్నులు వంకరపోతాయి. దాని మీదే ప్లస్, మైనస్ గుర్తులు ఉంటాయి. కెపాసిటర్‌ను ఇవే బ్యాటరీ ప్యాడ్ల మీద అతకాలి. దాని ఒంటి మీద గీత ఉన్న వైపు కాలు మైనస్. తిరగేసి పెడితే అది పేలుతుంది.

ఈఎస్‌సీకీ ఫ్లైట్ కంట్రోలర్‌కూ మధ్య వచ్చే ఎనిమిది తీగల కేబుల్ గురించి ప్రత్యేకంగా హెచ్చరించాలి. రెండు బోర్డులు ఒకే జతగా వచ్చినవైతే భయం లేదు. వేర్వేరు కంపెనీలవి అయితే ప్లగ్గు సరిగ్గా దూరుతుంది, పిన్నుల వరుస మాత్రం వేరుగా ఉండవచ్చు. బ్యాటరీ వోల్టేజీ వచ్చే తీగ పొరపాటున సిగ్నల్ పిన్నులోకి పోతే కంట్రోలర్ తక్షణమే పోతుంది. రెండు బోర్డుల బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని, ఒక్కొక్క పిన్నునూ వేలితో చూపుకుంటూ సరిపోల్చండి. తేడా ఉంటే ప్లగ్గులోంచి తీగలను సూదితో లేపి వరుస మార్చండి.

ఫ్లైట్ కంట్రోలర్‌ను రబ్బరు బుష్‌ల మీద కూర్చోబెట్టాలి, లేకపోతే మోటార్ల కంపనం సెన్సారుకు చేరుతుంది. దాని మీది బాణం గుర్తు ముందువైపు చూడాలి.

రిసీవర్‌కు నాలుగు తీగలే: 5 వోల్టులు, గ్రౌండ్, టీఎక్స్ (పంపేది), ఆర్‌ఎక్స్ (అందుకునేది). రిసీవర్ టీఎక్స్ బోర్డు ఆర్‌ఎక్స్‌కు, రిసీవర్ ఆర్‌ఎక్స్ బోర్డు టీఎక్స్‌కు పోవాలి. యాంటెనా కార్బన్‌కు ఆనకుండా బయటికి నిలిచేలా జిప్ టైతో కట్టండి.

## 6. మొదటిసారి కరెంటు

ఇక్కడ తొందరపడితే ఇప్పటిదాకా చేసినదంతా పొగ అవుతుంది.

ముందు మల్టీమీటరు. ఎక్స్‌టి60 ప్లస్, మైనస్‌ల మధ్య బీప్ పరీక్ష చేయండి. కెపాసిటర్ ఉన్నందున ఒక్క క్షణం శబ్దం వచ్చి ఆగవచ్చు. ఆగకుండా మోగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది. ప్లస్‌కూ ఫ్రేమ్‌కూ మధ్య కూడా చూడండి, అక్కడ అసలే మోగకూడదు.

తర్వాత బ్యాటరీని నేరుగా కలపకండి. స్మోక్ స్టాపర్ అనే చిన్న పరికరం ఉంటే దాన్ని మధ్యలో పెట్టండి. లేకపోతే ఆటోమొబైల్ దుకాణంలో దొరికే 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బును ప్లస్ తీగ మధ్యలో వరుసగా కలిపి అదే పని చేయించవచ్చు. బ్యాటరీ కలిపిన క్షణంలో బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోతే అంతా సవ్యం. బల్బు పూర్తి కాంతితో వెలుగుతూనే ఉంటే షార్ట్ ఉంది, వెంటనే తీసేయండి. ఆ కరెంటు బోర్డును కాల్చకుండా బల్బు ఆపేసింది, వెతికి సరిచేసుకునే అవకాశం మీకు మిగిలింది.

బల్బు ఆరాక వరుస శబ్దాలు వినిపిస్తాయి. అవి మోటార్ల ద్వారా ఈఎస్‌సీ పలికే సంకేతాలు. ఒక నిమిషం ఉంచి బ్యాటరీ తీసి, ప్రతి బోర్డునూ వేలితో తాకి చూడండి. గోరువెచ్చగా ఉండవచ్చు; వేలు పెట్టలేనంత వేడి ఉంటే ఆ భాగం దగ్గర ఆగి కారణం వెతకాలి.

ఈ దశ దాటడానికి:

- బ్యాటరీ ప్యాడ్ల మధ్య నిలకడైన బీప్ లేదు
- ఫ్రేమ్‌కూ ప్లస్‌కూ మధ్య బీప్ లేదు
- బల్బు మెరిసి ఆరింది
- కాలిన వాసన, అతి వేడి లేవు

## 7. బీటాఫ్లైట్ అమరిక

కంప్యూటర్‌లో బీటాఫ్లైట్ కాన్ఫిగరేటర్ తెరిచి బోర్డును యూఎస్‌బీతో కలపండి. మీ బోర్డు పేరుకు సరిపోయే ఫర్మ్‌వేర్ (బోర్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్) మాత్రమే ఎక్కించాలి.

యంత్రాన్ని సమతలం మీద పెట్టి యాక్సిలెరోమీటర్ (వంపును పసిగట్టే సెన్సారు) కాలిబ్రేషన్ నొక్కండి. ఆ తర్వాత చేత్తో ముందుకు వంచితే తెర మీది బొమ్మ కూడా ముందుకు వంగాలి, కుడికి వాలిస్తే కుడికి వాలాలి. తేడాగా కదిలితే బోర్డు దిశ తప్పింది. బోర్డు అలైన్‌మెంట్‌లో యా (నిలువు అక్షం చుట్టూ తిరగడం) కోణం మార్చి సరిచేయండి. ఇది వదిలేసి ఎగరవేస్తే యంత్రం నేల మీదే తలకిందులవుతుంది.

రిసీవర్ కోసం పోర్ట్స్ పేజీలో మీరు తీగలు అతికిన యూఆర్ట్ (సీరియల్ పోర్టు) దగ్గర సీరియల్ ఆర్‌ఎక్స్ ఆన్ చేసి, రిసీవర్ పేజీలో ఎక్స్‌ప్రెస్ ఎల్‌ఆర్‌ఎస్ రిసీవర్ వాడే సీఆర్‌ఎస్‌ఎఫ్ ప్రోటోకాల్ ఎంచుకోండి. ట్రాన్స్‌మిటర్‌లోనూ రిసీవర్‌లోనూ ఎక్స్‌ప్రెస్ ఎల్‌ఆర్‌ఎస్ ప్రధాన వెర్షన్ అంకె ఒకటే ఉండాలి. అది వేరైతే ఎంత ప్రయత్నించినా జత కుదరదు. యాంటెనా బిగించకుండా ట్రాన్స్‌మిటర్ ఆన్ చేయవద్దు.

ట్రాన్స్‌మిటర్ మీది కర్రలను (స్టిక్‌లను) కదిపి, తెర మీద రోల్ (పక్కలకు వాలడం), పిచ్ (ముందుకూ వెనక్కూ వంగడం), యా, థ్రాటిల్ (మోటార్ల బలం) గీతలు సరైనవే కదులుతున్నాయో చూడండి. మధ్యలో 1500 దగ్గర, చివరల్లో 1000, 2000కు దగ్గరగా ఉండాలి.

మోడ్స్ పేజీలో ఒక స్విచ్చుకు ఆర్మ్ (మోటార్లు తిరగడానికి అనుమతి), ఇంకో స్విచ్చుకు యాంగిల్ మోడ్ ఇవ్వండి. యాంగిల్ మోడ్‌లో కర్ర వదిలితే యంత్రం తనంతట తాను సమతలానికి వస్తుంది. మొదటి రోజుల్లో దాన్ని ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండి.

ఇప్పుడు బలం తగ్గించే పని. రేట్ ప్రొఫైల్‌లో థ్రాటిల్ లిమిట్‌ను స్కేల్ రకానికి మార్చి 60 శాతం పెట్టండి. కర్రను పైదాకా నెట్టినా యంత్రం పూర్తి బలంతో ఆకాశానికి దూసుకుపోదు, కర్ర కదలిక కూడా మెత్తబడుతుంది.

## 8. మోటార్ల వరుస, దిశ

ప్రొపెల్లర్లు లేవని మరోసారి చూసుకుని, బ్యాటరీ కలిపి, మోటార్స్ పేజీకి వెళ్ళండి. ఈఎస్‌సీకి ఆదేశాలు పంపే ప్రోటోకాల్‌గా డీషాట్ ఎంచుకుంటే ఈఎస్‌సీ కాలిబ్రేషన్ అవసరం ఉండదు.

యంత్రం వెనక నిలబడి పైనుంచి చూసినట్టుగా ఊహించుకోండి. బీటాఫ్లైట్ వరుస ఇది:

- 1వ మోటారు: వెనక కుడి, గడియారపు ముల్లు దిశ
- 2వ మోటారు: ముందు కుడి, వ్యతిరేక దిశ
- 3వ మోటారు: వెనక ఎడమ, వ్యతిరేక దిశ
- 4వ మోటారు: ముందు ఎడమ, గడియారపు ముల్లు దిశ

ఒక్కొక్క స్లైడరును కొంచెం జరిపి, తిరిగేది సరైన మోటారేనా అని చూడండి. దిశ కంటికి తెలియకపోతే మోటారు తిరిగే పైభాగానికి చిన్న టేపు ముక్కను జెండాలా అంటించి, వేలితో మెల్లగా తాకించండి. అది ఎటు కొడుతుందో అదే దిశ. పరీక్ష కాగానే టేపు తీసేయండి. తప్పుగా తిరిగేదాన్ని అదే పేజీలోని మోటార్ డైరెక్షన్ సాధనంతో మార్చవచ్చు.

## 9. ఫెయిల్‌సేఫ్ పరీక్ష

సిగ్నల్ తెగిపోతే యంత్రం ఏం చేయాలన్నదే ఫెయిల్‌సేఫ్. మొదటి యంత్రానికి డ్రాప్ అనే ఎంపికే మంచిది: మోటార్లు ఆగి కింద పడుతుంది. పడితే ఫ్రేమ్ చెయ్యి ఒకటి విరుగుతుంది. ఆగకుండా ఎటో ఎగిరిపోతే ఎవరికో గాయం అవుతుంది.

యూఎస్‌బీ తీసేసి, ప్రొపెల్లర్లు లేకుండా, యంత్రాన్ని బల్ల మీద పట్టీతో కట్టి ఆర్మ్ చేయండి. యూఎస్‌బీతో కాన్ఫిగరేటర్ కలిసి ఉంటే ఆర్మ్ కాదు, దాన్ని లోపంగా భావించకండి. థ్రాటిల్ కొంచెం పెంచగానే మోటార్లు వాటంతటవే వేగం పెంచుకుంటూ పోవచ్చు. యంత్రం కదలడం లేదని కంట్రోలర్ మరింత గట్టిగా ప్రయత్నిస్తున్న లక్షణం అది. గాలిలో అలా జరగదు.

ఆ స్థితిలో ట్రాన్స్‌మిటర్ ఆపేయండి. ఒకటి రెండు సెకన్లలో మోటార్లు ఆగాలి. ఆగకపోతే ఎగరవేయడం గురించి ఆలోచించనే వద్దు.

## 10. బ్యాటరీ

లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు, అంటే 4 సెల్స్‌కు 16.8. గాలిలో ఉండగా సెల్‌కు 3.5 దగ్గర దించండి. 3.3 కంటే కిందికి పోతే సెల్ పాడవుతుంది. రెండు మూడు రోజులు వాడని బ్యాటరీని ఛార్జర్‌లో స్టోరేజ్ మోడ్ పెట్టి 3.8 దగ్గరికి తెచ్చి ఉంచాలి.

1500 ఎంఏహెచ్ బ్యాటరీని 1.5 ఆంపియర్లతో ఛార్జ్ చేయండి. మంచం మీద, పరుపు మీద, చెక్క బల్ల మీద పెట్టవద్దు. మన ఇళ్ళలో షాబాద్ బండల నేల ఉంటుంది. ఆ నేల మీద, చుట్టూ మీటరు దూరంలో అంటుకునేవి లేకుండా పెట్టి, పక్కన ఒక బకెట్ పొడి ఇసుక ఉంచుకోండి. ఛార్జింగ్ నడుస్తున్నంతసేపు మీరు అదే గదిలో ఉండాలి.

మే నెలలో 40 డిగ్రీలు దాటే వరంగల్, రామగుండం ఎండల్లో రేకుల గదిలోనూ, నిలిపి ఉంచిన కారులోనూ బ్యాటరీ వదలకండి. ఎగిరి వచ్చిన బ్యాటరీని నీడలో చల్లారాకే ఛార్జ్ పెట్టాలి. ఉబ్బిన బ్యాటరీని మళ్ళీ వాడకూడదు, పొడవకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు. చిన్న బల్బుతో పూర్తిగా ఖాళీ చేసి ఈ-వ్యర్థాల సేకరణకు ఇవ్వాలి.

## 11. స్థలం, నియమాలు

2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల పైనుంచి 2 కిలోల దాకా ఉన్నవి మైక్రో తరగతి. బ్యాటరీతో కలిపి 600 గ్రాముల చుట్టుపక్కల తూగే మన యంత్రం ఇందులోకే వస్తుంది. వ్యాపారానికి కాకుండా ఎగరవేసేవారికి ఈ తరగతిలో పైలట్ లైసెన్సు అక్కరలేదు; యంత్రాన్ని నమోదు చేసి విశిష్ట గుర్తింపు సంఖ్య తీసుకోవాలన్నది మాత్రం నియమం. ముందస్తు అనుమతి అక్కరలేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు వరకే ఎగరవేయవచ్చు. కొత్తవారికి 30 అడుగులే ఎక్కువ.

డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో మీ స్థలాన్ని ముందు రోజే చూడండి. మామునూరు విమానాశ్రయ పరిసరాలు, రామగుండం విద్యుత్ కేంద్రం చుట్టుపక్కల, సింగరేణి గనుల దగ్గర మ్యాపు చూడకుండా బయలుదేరవద్దు. వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. అనుమతి లేకుండా అక్కడ ఎగరవేయకూడదు.

మంచి స్థలం అంటే పంట తీసిన చెల్క, లేదా ఊరికి దూరంగా ఉన్న గడ్డి మైదానం. వరి కోసిన మడిలో కొయ్యకాళ్ళు ప్రొపెల్లర్లను విరుస్తాయి. నల్లరేగడిలో దుమ్ము లేస్తుంది, ఎర్రనేలలోని ఇనుప రేణువులు మోటారు అయస్కాంతాలకు అంటుకుంటాయి. పాత చాప ఒకటి పరిచి దాని మీద నుంచే లేపండి. వ్యవసాయ మోటార్లకు పోయే కరెంటు తీగలు, చెరువు కట్ట, మేస్తున్న పశువుల మంద దగ్గర లేకుండా చూసుకోండి. సంక్రాంతి రోజుల్లో గాలిపటాల మాంజా కనపడదు, ఆ వారం మానుకోవడమే మేలు.

## 12. ప్రొపెల్లర్లు, మొదటి ఎగురుడు

మైదానానికి వెళ్ళకముందే ట్రాన్స్‌మిటర్‌ను యూఎస్‌బీతో కంప్యూటర్‌కు కలిపి సిమ్యులేటర్‌లో సాధన చేసి ఉండాలి. గాలిలో నిలపడం, ముఖం మీవైపు తిరిగినప్పుడు కర్రలు తారుమారైనట్టు అనిపించడం, ఈ రెండూ అక్కడ అలవాటు కావాలి.

ప్రొపెల్లర్ మీద అక్షరాలు ఉన్న వైపు పైకి ఉండాలి. రెక్కకు ఎత్తుగా, మందంగా ఉన్న అంచు మోటారు తిరిగే దిశలో ముందుండాలి. ముందు ఎడమ, వెనక కుడి ఒక రకం. ముందు కుడి, వెనక ఎడమ ఇంకో రకం. నట్టును పానాతో గట్టిగా బిగించండి.

బయలుదేరే ముందు:

- నాలుగు నట్లు బిగువుగా ఉన్నాయి, రెక్కల్లో పగుళ్ళు లేవు
- బ్యాటరీ పట్టీ బిగించి ఉంది, దాని తీగలు రెక్కలకు అందవు
- యాంగిల్ మోడ్ ఆన్, థ్రాటిల్ కింద
- ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్, ఆ తర్వాతే బ్యాటరీ
- చూసేవారంతా మీ వెనక, యంత్రానికి 10 మీటర్ల దూరంలో

పొద్దున గాలి లేని వేళ ఎంచుకోండి. యంత్రం వెనక భాగం మీవైపు ఉండాలి. ఆర్మ్ చేసి, ఒక్క సెకను మోటార్లు సమంగా తిరుగుతున్నాయని విని, థ్రాటిల్‌ను తడబడకుండా పెంచి మీటరు ఎత్తుకు తీసుకెళ్ళండి. నేలకు జానెడు ఎత్తులో తేలించాలని చూడకండి. కింద కొట్టి తిరిగొచ్చే గాలికి యంత్రం అటూ ఇటూ జారుతుంది.

అరనిమిషం నిలిపి దించండి. డిస్‌ఆర్మ్ చేసి, బ్యాటరీ తీసి, మోటార్లను తాకండి. నాలుగూ ఒకేలా వెచ్చగా ఉండాలి. ఒకటి మాత్రమే బాగా వేడెక్కితే ఆ ప్రొపెల్లర్ వంగిందో, మోటారు బేరింగు పట్టిందో చూడండి. అంతా బాగుంటే రెండోసారి, ట్రాన్స్‌మిటర్‌లో మూడు నిమిషాల టైమరు పెట్టుకుని ఎగరవేయండి.

ఏదైనా తేడాగా అనిపిస్తే మొదటి పని డిస్‌ఆర్మ్ స్విచ్చు. పడిపోతున్న యంత్రాన్ని చేత్తో పట్టుకోవాలని ఎప్పుడూ చూడకండి.

## 13. లోపాలు, సవరణలు

లేవగానే తలకిందులైతే: మోటార్ల వరుస, దిశ, ప్రొపెల్లర్ల రకం, కంట్రోలర్ బాణం, ఈ నాలుగింటిలో ఒకటి తప్పింది. 7వ దశ నుంచి మళ్ళీ చేయండి. ఊహించి ఒకటి మార్చి మళ్ళీ లేపితే ఇంకో ప్రొపెల్లర్ల జత పోతుంది.

ఆర్మ్ కాకపోతే: థ్రాటిల్ పూర్తిగా కింద ఉందో, యంత్రం బాగా వంగి ఉందో చూడండి. కాన్ఫిగరేటర్ మొదటి పేజీలో ఆర్మ్ ఎందుకు ఆగిందో కారణం రాసి ఉంటుంది.

తన చుట్టూ తాను తిరిగిపోతుంటే: ఒక ప్రొపెల్లర్ నట్టు జారుతోంది, లేదా ఒక మోటారు చేతి మీద వాలుగా కూర్చుంది.

ఒక మోటారు వణికి తిరగకపోతే: దాని మూడు అతుకుల్లో ఒకటి చల్లటిది. ఫ్లక్స్ రాసి మళ్ళీ కరిగించండి. అప్పటికీ మారకపోతే ఆ మోటారును ఇంకో చేతి ప్యాడ్లకు అతికి చూడండి. లోపం మోటారుతో పాటు వెళితే మోటారుది, అక్కడే ఉండిపోతే ఈఎస్‌సీది.

నిలకడగా ఒకవైపే జారుతుంటే: గాలి లేదని నిర్ధారించుకుని, సమతలం మీద యాక్సిలెరోమీటర్ కాలిబ్రేషన్ మళ్ళీ చేయండి.

సన్నటి వణుకు, కీచు శబ్దం వస్తే: ప్రొపెల్లర్లు మార్చండి. అదే సరిపోకపోతే చేతుల మరలు, కంట్రోలర్ రబ్బరు బుష్‌లు చూడండి.

పడిన ప్రతిసారీ, బయటికి దెబ్బ కనిపించకపోయినా, ప్రొపెల్లర్లు తీసేసి, మోటార్లను చేత్తో తిప్పి, బ్యాటరీ మీద సొట్టలు వెతికి, 6వ దశలోని బీప్ పరీక్ష, బల్బు పరీక్ష చేశాకే బ్యాటరీని నేరుగా కలపండి. సొట్టపడిన బ్యాటరీని ఇంట్లోకి తేకుండా అరగంట బయట నేల మీద ఉంచి, వేడెక్కడం గానీ ఉబ్బడం గానీ లేదని చూసుకోండి.